ఫెయిర్ పుస్తకం

దుప్పటి ఒక కొస పిన్ని పట్టుకుంది, రెండో కొస నేను పట్టుకున్నాను. చెరోవైపు మెలిపెడుతుంటే దుప్పటి తాడులా బిగుసుకుని, మధ్యలోంచి నీళ్ళు బకెట్లోకి ధారగా కారుతున్నాయి. తెల్లవారుజాము ఐదున్నర అయింది. మామ్మ మళ్ళీ పక్క తడిపింది. మామ్మంటే పిన్ని అత్తగారు. వెనక గదిలో మంచం మీద ఉంటుంది, లేచి తిరిగి ఏడాదైంది. వారంలో మూడుసార్లయినా మాకీ దుప్పటి పని తప్పదు.

సగం పిండాక పిన్ని ఆగిపోయింది. చేతిలో కొస మాత్రం వదల్లేదు. కళ్ళు నన్ను దాటి గోడ మీదికి వెళ్ళి అక్కడే నిలిచిపోయాయి. ఆ చూపు నాకు తెలుసు.

"వచ్చిందా పిన్నీ?"

"ఊఁ. నువ్వు తిప్పు."

ఇద్దరం బాత్రూమ్ తలుపు వంక చూశాం. కింద సందులోంచి లైటు కనబడుతోంది. లోపల పేపరు తిరగేసిన చప్పుడైంది.

ఇంట్లో ఉన్నది ఒక్కటే బాత్రూమ్. బాబాయి ఐదుంబావుకి పేపరు పట్టుకుని లోపలికి వెళ్తే ఆరు దాటితే గానీ బయటికి రాడు. ఆయన పాతికేళ్ళు బస్సు నడిపాడు. చూపు తగ్గిందని రెండేళ్ళ కిందట డిపో వాళ్ళు ఇంటికి పంపేశారు. ఎవరైనా తలుపు కొడితే ఆయన అనే మాట ఒకటే. "పాతికేళ్ళు బండెడు జనాన్ని వెనకేసుకుని బిగబట్టుకున్నాను. ఇప్పుడైనా నన్ను తీరిగ్గా కూర్చోనివ్వండి." అందులో అబద్ధం లేదు. అందుకే పిన్ని గట్టిగా కొట్టలేదు ఎప్పుడూ.

"ఏవండీ," అంది తలుపు దగ్గరికి వెళ్ళి.

"మూడో పేజీలో ఉన్నానోయ్. ఆటల పేజీ ఇంకా చాలా దూరం."

"కొంచెం తొందరగా వస్తారేమోనని."

"నీ కడుపుకీ నా పేపరుకీ ఏనాటి పగో. రెండింటికీ ఒకటే టైము."

ఆయన మాటకి ఆయనే నవ్వుకున్నాడు. పిన్ని వచ్చి గోడకి నుదురు ఆనించి నిలబడింది. రెండు చేతులూ పొట్ట మీద ఉన్నాయి. మెడ మీద చెమట పట్టింది, ఇంకా ఎండ కూడా రాలేదు. కాసేపటికి ఊపిరి వదిలి, "వెళ్ళిపోయిందిలే," అంది. "ఎంత పిలిచినా తలుపు తియ్యకపోతే చుట్టం వెనక్కి వెళ్ళిపోడూ, అలా."

అలా వెళ్ళిపోయిన చుట్టం ఎక్కడికీ పోడు. వీధి చివర నిలబడతాడు. పదకొండింటికి ఫ్యాక్టరీలో మళ్ళీ వస్తాడు.

నేను రొట్టె కోసి పళ్ళెంలో పెట్టాను. పిన్ని ముట్టుకోలేదు. అరగ్లాసు టీ నిలబడే తాగింది, అది కూడా మూడు గుక్కలయ్యేసరికి లోపల్నుంచి మామ్మ పిలిచింది. "అమ్మాయ్, ఈ కాలు కొంచెం పక్కకి పెట్టిపో. నాదో, ఎవరిదో తెలియట్లేదు." పిన్ని వెళ్ళి కాలు సర్ది, మంచం కిందున్న బెడ్‌పాన్ మార్చి, చేతులు కడుక్కుని వచ్చింది. అప్పటికి ఆరు ఇరవై బస్సుకి పది నిమిషాలే ఉంది.

"ఏమీ తినకుండా ఎలా పిన్నీ?"

"తింటేగా గొడవ."

మేం చేసేది చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో. మూడో లైను. ముప్ఫై రెండు మిషన్లు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఒకరు చేతులు కుడితే ఇంకొకరు జేబులు కుడతారు. పదిహేడో మిషను పిన్నిది. పంతొమ్మిదేళ్ళుగా ఆమె కుట్టేది కాలర్లే. అందరూ ఆమెని కాలరక్క అంటారు. కాలరు రెండు మూలలూ ఒకదానికొకటి అచ్చు దిగినట్టు రావాలంటే చేతికి ఒక నెమ్మది ఉండాలని పిన్ని చెప్పేది. ఆ మిషను ముందు కూర్చున్నప్పుడు ఆమె భుజాలు కిందికి దిగడం నేను చూసేదాన్ని. ఇంట్లో ఎప్పుడూ చెవుల దాకా లేచి ఉండే భుజాలవి.

నేను లైను చివర నిలబడి దారాలు కత్తిరిస్తాను. ఊళ్ళో చదువైపోయాక పిన్నే నన్ను తీసుకొచ్చి ఇందులో పెట్టించింది. ఆరు నెలలైంది. భోజనం వేళ మిషను ఖాళీగా ఉన్నప్పుడు పాత ముక్కల మీద నాకు కాలరు నేర్పేది. తను తినాల్సిన అరగంట అలా గడిచిపోతుందని నాకు చాలా రోజుల దాకా తట్టలేదు.

లైనుకి ఒక బిళ్ళ ఉంటుంది. అరచెయ్యంత చెక్క ముక్క, పసుపు రంగు వేసి మూడు అని రాసి ఉంటుంది. సూపర్‌వైజరు బల్ల పక్కన మేకుకి వేలాడుతుంది. బాత్రూమ్‌కి వెళ్ళాలంటే ఆ బిళ్ళ తీసుకుని వెళ్ళాలి. ముప్ఫై రెండు మందికి ఒకటే బిళ్ళ, కాబట్టి ఒకసారి ఒకరే వెళ్ళాలి. ఏడు నిమిషాల్లో తెచ్చి మళ్ళీ తగిలించాలి. తీసినప్పుడు, తగిలించినప్పుడు సూపర్‌వైజరు టైము రాస్తాడు. అతన్ని మేం గడియారం అంటాం. మంచి కుర్రాడే. పిన్నిని అక్కా అని పిలుస్తాడు. "కాలరక్కా, ఇవాళ మూడోసారి. నేను రాయకపోతే నా మీద రాస్తారు," అని ముఖం దించుకుని రాస్తాడు.

లైనులో కుర్ర పిల్లలు బిళ్ళ తీసుకుని వెళ్ళి, అద్దంలో జుట్టు సర్దుకుని వచ్చేవాళ్ళు. పిన్ని మిషను ఆపకుండా మేకు వంక చూస్తూ ఉండేది. మేకు ఖాళీగా ఉంటే ఆమె కాలు పెడలు మీద ఇంకా గట్టిగా నొక్కేది. ఒకసారి బటన్ల దగ్గర కూర్చునే పెద్దావిడ నాతో అంది, "మీ పిన్ని కుడుతోందనుకుంటున్నావా? ఆపుకుంటోంది. మన వయసొచ్చాక ఇక్కడ సగం పని ఆపుకోవడమే."

కొత్త మేనేజరు వచ్చి ఒక పద్ధతి పెట్టాడు. నెలాఖరుకి బిళ్ళ ఎక్కువసార్లు తీసినవాళ్ళ పేర్లు గోడకి అంటిస్తారు. లైనులో పైనుంచి మొదటి ముగ్గురు మిషను వదిలి కింద ప్యాకింగుకి వెళ్ళాలి. ప్యాకింగంటే పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నిలబడి అట్టపెట్టెలు మడవడం. అక్కడ కాలరక్క అనే పేరు ఎవరికీ అక్కర్లేదు. జబ్బని డాక్టరు ఉత్తరం తెచ్చిన వాళ్ళకి మాత్రం ఆ లెక్క వర్తించదన్నారు. పిన్ని కడుపు చూపించుకోవడానికి వెళ్ళింది ఆ ఉత్తరం కోసమే. నొప్పి కోసమైతే ఈ మూడేళ్ళలో ఎప్పుడో వెళ్ళేది.

మొదటిసారి మేమిద్దరమే వెళ్ళాం. డాక్టరమ్మకి కూడా పిన్ని వయసే ఉంటుంది. కళ్ళ కింద నల్లగా ఉంది. తొందరపెట్టకుండా అడిగింది.

"నెలసరి సరిగ్గా వస్తోందా?"

"రెండు నెలలు రాదండి. వస్తే పదిహేను రోజులకే మళ్ళీ వస్తుంది."

"నిద్ర?"

పిన్ని నవ్వింది. "మా అత్తగారు రెండుసార్లు లేపుతారండి. ఆవిడ లేపని రోజు ఒళ్ళంతా వేడెక్కి నేనే లేస్తాను."

డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, పరీక్షలకి రాసింది. "ఈ వయసులో ఒంట్లో హార్మోన్లు మారతాయి. దానికి నిద్రలేమి, దిగులు, కంగారు తోడైతే ముందు దెబ్బ పేగుల మీదే పడుతుంది. పేగులకీ బుర్రకీ రోజంతా మాటలు నడుస్తూనే ఉంటాయి. మీరు నోరు మూసుకున్నా అవి ఊరుకోవు. అలాగని ఇది మీ ఊహ కాదు. నొప్పి నిజమే." ఆ చివరి మాటకి పిన్ని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మాట ఆమెతో ఇంతవరకూ ఎవరూ అనలేదు, నాతో సహా.

"మూడు వారాలు పుస్తకంలో రాయండి. ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు, కడుపు ఎలా ఉంది, ఆ రోజు ఏం జరిగింది. పరీక్షల్లో ఏమీ కనబడకపోతే నాకు ఆ పుస్తకమే ఆధారం. దాని మీదే మీ ఫ్యాక్టరీకి ఉత్తరం రాస్తాను."

రాసే పని నేను తీసుకున్నాను. పిన్నికి అక్షరాలు వచ్చు గానీ, దగ్గర చూపు ఆనట్లేదు.

మా బళ్ళో ప్రతి లెక్కకీ రెండు పుస్తకాలు ఉండేవి. రఫ్ పుస్తకంలో చేసి, తప్పులు దిద్దుకుని, ఫెయిర్ పుస్తకంలో ఎక్కించేవాళ్ళం. మాస్టారు ఎర్ర సిరా టిక్కు పెట్టేది ఫెయిర్‌లోనే. రఫ్ ఎవరూ చూసేవారు కాదు. కొట్టివేతలు ఫెయిర్‌లోకి వస్తే మాత్రం వేళ్ళ మీద పడేది. అందుకని డాక్టరమ్మ పుస్తకం రాయమనగానే నేను రెండు పుస్తకాలు కొన్నాను. దానిలో వింతేమీ నాకు కనబడలేదు. రోజూ రఫ్‌లో రాసి, ఆదివారం ఫెయిర్‌లో ఎక్కిద్దామనుకున్నాను.

రఫ్‌లో ఇలా రాశాను.

"సోమవారం. పొద్దున ఏమీ తినలేదు. టీ మూడు గుక్కలు. బాబాయి ఆరుంబావుకి బయటికొచ్చాడు. పదకొండింటికి బిళ్ళ మేకు మీద లేదు. ఇరవై ఐదు నిమిషాలు ఆగింది. మధ్యాహ్నం రెండు ముద్దలు తిని నాకు కాలరు చూపించింది. సాయంత్రం పొట్ట రాయిలా ఉంది."

"గురువారం. బాబాయి పక్కింటాయనతో, మా ఇంట్లో ఫ్యాక్టరీ ఉంది, పొద్దున్నే సైరన్ మోగుతుంది అని పిన్ని కడుపు గురించి చెప్పి నవ్వించాడు. పిన్ని కూడా నవ్వింది. తర్వాత నాలుగుసార్లు వెళ్ళింది."

"శనివారం. నిన్న తిన్నదే తింది. నిన్న బాగుంది, ఇవాళ బాగాలేదు. ఇవాళ గడియారం ఆమె వెనక నిలబడి మేనేజరుకి లైను చూపించాడు."

"ఆదివారం. బాబాయి స్నేహితుడి ఇంటికి వెళ్ళి సాయంత్రం దాకా రాలేదు. మామ్మ నిద్రపోయింది. పిన్ని కూర్చుని తింది. రెండోసారి వడ్డించుకుంది. పొద్దున ఒకసారి తీరిగ్గా వెళ్ళింది. మధ్యాహ్నం గంటన్నర పడుకుంది. కడుపు గొడవే లేదు."

మొదటి వారమయ్యేసరికే నాకు ఒకటి అర్థమైంది. పిన్ని కడుపు తిండిని బట్టి నడవడం లేదు. ఇంట్లో, లైనులో ఎవరు ఎక్కడ నిలబడి ఉన్నారో దాన్ని బట్టి నడుస్తోంది. ఇది డాక్టరమ్మకి పనికొస్తుందని సంబరపడ్డాను కూడా.

ఆదివారం సాయంత్రం పిన్ని ఉతికిన బట్టలు మడతపెడుతుంటే పక్కన కూర్చుని ఫెయిర్ పుస్తకం తెరిచాను.

"చదువు, ఏం రాశావో," అంది.

"సోమవారం. పొద్దున ఏమీ తినలేదు."

"అది వద్దు. డాక్టరమ్మ ఏమనుకుంటుంది? ఇంట్లో తిండికి గతి లేదనుకుంటుంది. రొట్టె, పాలు అని రాయి. ఒక పండు కూడా రాయి."

"తినలేదుగా పిన్నీ."

"రేపట్నుంచి తింటానులే. రాయి."

రాశాను. తర్వాతిది చదివాను. బిళ్ళ కోసం ఆగిన సంగతి వినగానే ఆమె చేతిలో చొక్కా ఆగింది. "అవన్నీ రాస్తే ఫ్యాక్టరీ మీద చాడీ చెప్పినట్టుంటుంది. ఆ ఉత్తరం వెళ్ళేది వాళ్ళకేగా."

"మరి కడుపు ఎలా ఉందని రాయను?"

"రోజూ బాగాలేదంటే ఎవరికైనా విసుగే తల్లీ. వారానికో రోజు బాగాలేదని రాయి. మిగతా రోజులు పరవాలేదు అను. మరీ అన్ని రోజులూ ఏడుస్తున్నట్టు ఉండకూడదు."

గురువారం సంగతి చదివితే ముఖం ఎర్రబడింది. "మీ బాబాయి ఇందులోకి ఎందుకొచ్చాడు?"

"ఏం జరిగిందో రాయమంది కదా డాక్టరమ్మ."

"జరిగింది రాయమంటే ఇంట్లో మనుషుల్ని రాయమని కాదు. ఆయన ఉద్యోగం పోయి కూర్చున్నాడు. ఆ ఒక్క నవ్వూ లేకపోతే ఏమైపోతాడో. తీసెయ్."

తీసేశాను. రఫ్‌లో తప్పులు ఫెయిర్‌లోకి ఎక్కకూడదని నా చేతికి చిన్నప్పుడే తెలుసు. పిన్ని పడ్డ బాధ తప్పని నేను అనుకోలేదు. చెయ్యి మాత్రం అలవాటు ప్రకారం నడిచింది. మూడు ఆదివారాలు అలాగే గడిచాయి. ఫెయిర్ పుస్తకం చూడముచ్చటగా వచ్చింది. ఒక్క కొట్టివేత లేదు.

రెండోసారి డాక్టరు దగ్గరికి బాబాయి కూడా బయల్దేరాడు. "ఏం జబ్బో నేనూ వినాలిగా. నా పేపరు మీద కేసు పెట్టినా పెడుతుంది," అన్నాడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ. పిన్ని వద్దనలేదు. నేను సంచిలో రెండు పుస్తకాలూ పెట్టుకున్నాను. రఫ్ ఎందుకు పెట్టుకున్నానో అప్పుడు నాకు సరిగ్గా తెలియదు. ఇంట్లో ఉంటే బాబాయి కంట పడుతుందని పెట్టుకున్నానని చెప్పుకున్నాను.

పరీక్షల్లో ఏమీ లేదని డాక్టరమ్మ ముందే చెప్పేసింది. చెడ్డ జబ్బేదీ లేనందుకు సంతోషించమంది. తర్వాత ఫెయిర్ పుస్తకం తీసుకుని ఒక్కో పేజీ తిప్పింది. చదువుతున్న కొద్దీ ఆమె కనుబొమలు దగ్గరయ్యాయి.

"రాసింది ఎవరు?"

"నేనండి."

"చేతిరాత ముత్యాల్లా ఉంది." ఇంకో రెండు పేజీలు తిప్పింది. "రోజుకి మూడు పూటలా తింటున్నారు. కూరలు, పాలు, పళ్ళు. ఇంత పద్ధతిగా తినేవాళ్ళు నా దగ్గరికి రోజుకొకరు కూడా రారు. ఇరవై ఒక్క రోజుల్లో బాగాలేనివి మూడే. ఏం జరిగిందన్న చోట రోజూ 'మామూలే' అని ఉంది." పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. "నేను ఉత్తరం దేని మీద రాయను చెప్పండి. మీ ఫ్యాక్టరీ వాళ్ళు ఈ పుస్తకం నకలు అడుగుతారు. ఇది చదివి నన్ను చూసి నవ్వుతారు."

పిన్ని నేలని చూస్తోంది. ఆమె చూస్తున్నది బాబాయి బూట్లని.

"ఇంకేమైనా చెప్పాలని ఉందా? ఇంట్లో గానీ, పనిలో గానీ?"

"ఏం లేదండి."

బాబాయి కుర్చీలో ముందుకి జరిగాడు. "కంగారు మనిషండీ డాక్టరు గారూ. గిన్నె కింద పడినా గుండె పట్టుకుంటుంది. చిన్నప్పట్నుంచీ అంతేనట." నవ్వాడు. ఈసారి గదిలో ఎవరూ నవ్వలేదు.

నా చెయ్యి సంచిలో ఉంది. రఫ్ పుస్తకం అట్ట మూల మడతపడి, వేలికి తగులుతోంది. లాగితే బయటికి వస్తుంది. పిన్ని చెయ్యి వచ్చి నా మణికట్టు మీద పడింది. నొక్కింది. కాలరు పట్టి పట్టి గట్టిపడిన వేళ్ళు. డాక్టరమ్మ అది చూసిందో లేదో తెలియదు. నా వంక తిరిగి, "నువ్వేమైనా చెప్తావా అమ్మా?" అంది.

ఊళ్ళో బళ్ళో కూడా మాస్టారు ఇలాగే అడిగేవారు. నాకు జవాబు తెలిసిన రోజుల్లో కూడా నేను లేచేదాన్ని కాదు.

"లేదండి," అన్నాను.

డాక్టరమ్మ మాత్రలు రాసింది. రోజూ నడవమంది. వేళకి తినమని, మనసులో ఏమీ పెట్టుకోవద్దని చెప్పింది. ఆరు వారాల తర్వాత రమ్మంది. నెలాఖరుకి నాలుగు రోజులే ఉంది.

మర్నాడు బస్సులో నేను మెల్లగా అన్నాను, "మనిద్దరమే మళ్ళీ వెళ్దాం పిన్నీ. అసలు పుస్తకం చూపిద్దాం."

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? అప్పుడు రాసిందంతా అబద్ధం, ఇది నిజం అంటానా? రెండూ అబద్ధమే అనుకుంటుంది." కిటికీ వైపు తిరిగింది. "పోనీలే. ఈ నాలుగు రోజులూ బిళ్ళ ముట్టుకోకుండా ఉంటాను."

ఉండడానికి చూసింది. పొద్దున తినలేదు, మధ్యాహ్నం తినలేదు, నీళ్ళు కూడా పెదాలు తడుపుకునేంతే తాగింది. మూడో రోజు పదకొండింటికి మిషను మీదే ముందుకి వంగిపోయింది. బిళ్ళ మేకు మీద లేదు. బటన్ల పెద్దావిడ లేచి వెళ్ళి, బాత్రూమ్‌లో ఉన్న పిల్ల చేతిలోంచి బిళ్ళ లాక్కొచ్చింది. పిన్ని తిరిగి రావడానికి పంతొమ్మిది నిమిషాలైంది. గడియారం రాశాడు.

నెలాఖరున గోడకి కాగితం అంటించారు. పిన్ని పేరు రెండోది.

ఆమె మిషను సొరుగులోంచి తన కత్తెర, టేపు, కళ్ళద్దాల డబ్బా తీసుకుంది. కుర్చీ మీద కాలరు ముక్కలతో తనే కుట్టుకున్న చిన్న మెత్త ఉంది. దాన్ని తీసుకోలేదు. ప్యాకింగులో కూర్చునే పని ఉండదు కదా. మెట్ల దగ్గర ఎవరో, "కాలరక్కా," అని పిలిచారు. ఆమె వెనక్కి తిరగలేదు.

గడియారం నా దగ్గరికొచ్చాడు. "నీకు కాలరు వచ్చుగా. మీ పిన్ని నేర్పిందటగా. కూర్చో. లైను ఆగిపోతోంది."

నాకు రాదని అనొచ్చు. ఇంకెవరినైనా చూసుకోండి అనొచ్చు. లైనులో మిగిలినవాళ్ళంతా చేతులాపి నా వంక చూస్తున్నారు. నేను వెళ్ళి పదిహేడో మిషను ముందు కూర్చున్నాను. మెత్త ఇంకా వెచ్చగా ఉంది.

సాయంత్రం బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. నాకు ఆమె ముఖం చూడ్డానికి ధైర్యం చాలలేదు. చివరి స్టాపుకి ముందు ఆమే అంది, "మూల తిప్పేటప్పుడు సూది కిందే ఉంచు. పైకి లేపి తిప్పావంటే కాలరు వంకరపోతుంది."

ఇంట్లో అడుగుపెట్టగానే బాబాయి అడిగాడు, "ఏమైంది కాగితం సంగతి?"

"కిందికి పంపారు."

"ప్యాకింగా? మంచిదేగా. అక్కడ బిళ్ళ గొడవ ఉండదు. పెట్టెల మధ్య సైరన్ ఎంత మోగినా ఎవరికీ వినపడదు."

నాలో ఏదో తెగింది. సంచిలోంచి రఫ్ పుస్తకం తీసి ఆయన ముందు పెట్టాను. "ఇది చదవండి బాబాయ్."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, పుస్తకం ముక్కు దగ్గరికి తెచ్చుకుని చదివాడు. ఆయనకి ఒక పేజీ చదవడానికి చాలాసేపు పడుతుంది. పిన్ని చెప్పులు విప్పకుండా అక్కడే నిలబడిపోయింది. లోపల్నుంచి మామ్మ, "ఎవరొచ్చారూ?" అని రెండుసార్లు అడిగింది.

గురువారం పేజీ దగ్గర ఆగాడు. ఆదివారం పేజీ రెండుసార్లు చదివాడు. పుస్తకం దించి, "అంటే నేను ఇంట్లో లేకపోతే నీ ఒంటికి బాగుంటుందన్నమాట," అన్నాడు. ఆయన గొంతులో నవ్వు లేదు. అలాంటి గొంతు ఆయనకి ఉందని నాకప్పటిదాకా తెలియదు.

"చిన్నపిల్ల, ఏదో రాసుకుంది," అంది పిన్ని. పుస్తకం తీసుకుని పేజీలు తిప్పింది. అక్షరాలు ఆనక దూరంగా పెట్టి చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇది ఆ రోజు నీ దగ్గర ఉందా? డాక్టరమ్మ అడిగినప్పుడు?"

"సంచిలో ఉంది పిన్నీ."

"మరి తియ్యలేదేం?"

"నువ్వు నా చెయ్యి నొక్కావుగా."

పిన్ని నన్ను చాలాసేపు చూసింది. కోపంగా లేదు. ఆ చూపుకన్నా కోపమే నయం.

"నేను నొక్కుతాను," అంది. "నాకు అదే అలవాటు. నువ్వు తియ్యాల్సింది."

ఆమె ఆ పుస్తకాన్ని మడతపెట్టిన దుప్పట్ల కింద పెట్టి, మామ్మకి తినిపించడానికి వెళ్ళింది. తను తినలేదు.

తెల్లవారి నేను లేచేసరికి ఇంట్లో ఏదో తేడాగా ఉంది. కాసేపటికి అదేమిటో తెలిసింది. బాత్రూమ్ తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల లైటు వెలుగుతోంది, ఎవరూ లేరు. బాబాయి మడత విప్పని పేపరు ఒళ్ళో పెట్టుకుని వరండా మెట్టు మీద కూర్చున్నాడు. ఐదున్నర అయింది. పిన్ని వంటింట్లోంచి రాగానే ఆయన లేచి నిలబడ్డాడు.

"ఖాళీగానే ఉంది," అన్నాడు. "నేను ఇవాళ తర్వాత వెళ్తాను. నీ ఇష్టం వచ్చినంతసేపు..."

పిన్ని ఆ తెరిచిన తలుపు వంక చూసింది. నిన్నటి నుంచి కడుపులో ఏమీ లేని మనిషికి అందులో పని ఏముంటుంది? బల్ల మీద నేను పెట్టిన పళ్ళెం వంక చూసింది. రొట్టె, పాలు, ఒక పండు. ఫెయిర్ పుస్తకంలో రాసినట్టే ఉన్నాయి. నేను కావాలని అలా పెట్టలేదు. పెట్టాక చూసుకున్నాను.

"అమ్మాయ్," అని మామ్మ పిలిచింది లోపల్నుంచి. "కాలు కొంచెం..."

పిన్ని వెళ్ళి కాలు సర్ది వచ్చింది. చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. మా బస్సుకి ఇంకా నలభై నిమిషాలు ఉంది. రోజూ ఇద్దరం కలిసి బయల్దేరతాం, ఆమె ముందు గేటు తీస్తే నేను వెనక మూస్తాను. నేను ఒక చెప్పు వేసుకుని రెండో దానికోసం వెతుకుతున్నాను.

ఆమె మేకుకి ఉన్న సంచి తీసి భుజాన వేసుకుంది. బాబాయి మెట్టు మీద పక్కకి జరిగి దారి ఇచ్చాడు. నన్ను దాటింది, ఆయన్ని దాటింది. గేటు తీసి, తనే వెనక మూసి, గొళ్ళెం పెట్టి, బస్సు స్టాపు వైపు ఒక్కతే వెళ్ళిపోయింది.